ఏడు బండ్లు నావే, మరి వ్యాపారం నాదేనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది విజయవాడ దగ్గర ఎనికేపాడు. ఐదేళ్లుగా ఒక పెద్ద ఆన్‌లైన్ కంపెనీకి పార్సిళ్ల డెలివరీ కాంట్రాక్టు చేస్తున్నాను. ఏడు చిన్న ట్రాలీ బండ్లున్నాయి, అన్నీ నా పేరు మీదే, అన్నీ ఫైనాన్స్ మీద తీసుకున్నవే. ఏడుగురు డ్రైవర్లు, సొంత బైకుల మీద పార్సిల్ లెక్కన పనిచేసే తొమ్మిది మంది కుర్రాళ్లు ఉన్నారు. ఈ ఏడాది పార్సిల్ రేటు 16 రూపాయల నుంచి 15కి తగ్గించారు. ఇప్పుడేమో దసరాకి ఇంకో నాలుగు బండ్లు కొనమంటున్నారు. కొత్త అగ్రిమెంటులో 30 రోజుల నోటీసు ఉంది, వేరే కంపెనీ పని చేయకూడదని కూడా ఉంది. లోన్ కోసం రామవరప్పాడులోని మా నాన్నగారి ఇంటి పత్రాలు పెట్టాలి. మా బావమరిది "నువ్వు ఓనర్‌వి బావా, భయపడితే ఎలా" అంటాడు. మా ఆవిడ మాత్రం "పొద్దున్నే వాళ్ల యాప్‌లో హాజరు వేయించుకునే మనిషి ఓనర్ ఎలా అవుతారండీ" అంటుంది. నేను నిజంగా స్వతంత్ర వ్యాపారినేనా? సంతకం పెట్టనా, వద్దా?
— పేరు వద్దన్న పాఠకుడు (పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇచ్చాం)

జవాబు: రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. ఆ అగ్రిమెంటు ఉన్నది ఉన్నట్టుగా అయితే సంతకం పెట్టకండి. ఇంటి పత్రాల సంగతి అసలు ఎత్తకండి. ఎందుకో తెలియాలంటే మీ మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్లాలి. దాని మీద మీ ఇంట్లో ఇద్దరూ చెరో సగం నిజం చెబుతున్నారు.

చట్టం దృష్టిలో మీరు వ్యాపారే. బండ్లు మీవి, అప్పు మీది, పదహారు మందిని పనిలో పెట్టుకున్నది మీరు, జీఎస్టీ నంబరు మీది. రేపు కోర్టుకెళ్లి "నేను ఆ కంపెనీ ఉద్యోగిని" అంటే నెగ్గడం చాలా కష్టం. 2014లో ఎయిర్ ఇండియా క్యాంటీన్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలతలు గట్టివి: పనిలోకి తీసుకున్నది ఎవరు, జీతం ఇచ్చేది ఎవరు, తీసేసే అధికారం ఎవరిది, పూర్తి అదుపు ఎవరిది అని చూస్తారు. మీ కుర్రాళ్ల విషయంలో ఈ ప్రశ్నలన్నీ తిరిగి మీ వైపే వేలు చూపిస్తాయి. వాళ్లకి యజమాని మీరు. ఈ సంగతికి మళ్లీ వస్తాను, అదే పెద్ద సంగతి.

కానీ చట్టం వ్యాపారి అన్నంత మాత్రాన స్వతంత్రం ఉన్నట్టు కాదు. మీరు ఉత్తరంతో పాటు పంపిన ఆగస్టు బిల్లు చూశాను. ఉత్తరం కంటే అదే నాకు ఎక్కువ చెప్పింది. ఆ బిల్లు మీరు తయారు చేసింది కాదు. ఎన్ని పార్సిళ్లు, ఏ రేటు, ఎంత కోత అన్నది వాళ్ల సిస్టమ్ లెక్కగట్టి మీకు పంపింది, దాన్ని చూసి మీరు మీ లెటర్‌హెడ్ మీద ఇన్‌వాయిస్ వేశారు. అందులో "షార్టేజ్" అని 3,799 రూపాయలు కోసిన లైను ఒకటుంది. ఫోను పెట్టె ఖాళీగా వచ్చిందని కస్టమర్ చెప్పాడట. ఆ పెట్టెకి మీ కుర్రాడు సీలు వేయలేదు, విప్పలేదు. అయినా డబ్బు మీ బిల్లులోంచే పోయింది. ఆ పార్సిల్ ఏమైందో మీకు చెప్పినవాళ్లు లేరు, మీరు అడిగే దారీ లేదు. వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారి తన బిల్లు తాను రాసుకుంటాడు. కొనేవాడికి అభ్యంతరం ఉంటే వచ్చి మాట్లాడతాడు. తన బిల్లు అవతలివాడు రాసిపెడితే సంతకం మాత్రం చేసే వ్యాపారిని ఏమనాలో మీరే ఆలోచించండి.

ఇక రేటు. 16 నుంచి 15కి తగ్గించేటప్పుడు మీతో మాట్లాడారా? మెయిల్ వచ్చిందని రాశారు, అంతే. ఒక్క రూపాయే కదా అనిపించవచ్చు. మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. ఒక బండి రోజుకి 90 పార్సిళ్లు, నెలకి 26 రోజులు తిరిగితే 2,340 పార్సిళ్లు. డ్రైవర్ జీతం 15,000, కిస్తీ 11,500, ఇంధనం 5,500, ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు కలిపి 2,000. మొత్తం ఖర్చు 34,000. రూపాయి తగ్గకముందు బండి మీద నెలకి 3,440 మిగిలేది. ఇప్పుడు 1,100 మిగులుతోంది. ఇంకో రూపాయి తగ్గిస్తే నెలకి 1,240 ఎదురు పెట్టుకుని బండి తిప్పాలి. మీ శ్రమా, మీ టెన్షనూ, పొద్దున ఆరింటికి హబ్ దగ్గర నిలబడటం ఈ లెక్కలో ఎక్కడా లేవు.

కృష్ణా డెల్టాలో కౌలు రైతు పరిస్థితి ఇలాంటిదే. పెట్టుబడి తనది, చాకిరీ తనది, వాన ఎక్కువైనా తక్కువైనా నష్టం తనది. పొలం మాత్రం వేరేవాళ్లది, వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో ఆయనకే తెలియదు. మీ బండ్లు మీవే కానీ రూటు వాళ్లది, కస్టమర్ వాళ్లవాడు, యాప్ వాళ్లది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రెండు బండ్లు నీళ్లలో ఉండిపోయాయని, ఆ రోజులకి పైసా రాలేదని, కిస్తీలు మాత్రం ఆగలేదని రాశారు. నష్టం మొత్తం మీ మీద పడిందంటే మీరు వ్యాపారి. కానీ లాభం వచ్చే దారి మీ చేతిలో లేదు. వ్యాపారంలో ఉండాల్సిన సగమే మీకు ఇచ్చారు, అదీ బరువున్న సగం.

ఈ తగాదా మన ఊళ్లోనే పుట్టింది కాదు. అమెరికాలో ఫెడెక్స్ గ్రౌండ్ డ్రైవర్లు ఏళ్ల తరబడి ఇదే మాట అడిగారు. వాన్ వాళ్లే కొనుక్కోవాలి, కానీ దాని రంగు, దాని మీద పేరు, ఒంటి మీద యూనిఫారం అన్నీ కంపెనీ చెప్పినట్టే ఉండాలి. పేరుకి మాత్రం స్వతంత్ర కాంట్రాక్టర్లు. 2014లో అక్కడి అప్పీలు కోర్టు కాలిఫోర్నియా డ్రైవర్లు నిజానికి ఉద్యోగులేనని చెప్పింది. మరుసటి ఏడాది ఆ కేసు 22.8 కోట్ల డాలర్లకి రాజీ అయింది. తర్వాత ఆ కంపెనీ డ్రైవర్లతో నేరుగా ఒప్పందాలు మానేసి, ఒక సంస్థ పెట్టుకుని డ్రైవర్లని జీతానికి పెట్టుకునే కాంట్రాక్టర్లతో పని చేయించుకునే పద్ధతికి మళ్లింది. గమనించారా? అది మీరు కూర్చున్న కుర్చీయే. కంపెనీకీ కుర్రాడికీ మధ్య మీలాంటి మనిషి ఉంటే కుర్రాడి బాధ్యత నేరుగా కంపెనీ దాకా వెళ్లదు, మధ్యలో మీ దగ్గర ఆగుతుంది.

2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు డైనమెక్స్ అనే కొరియర్ కంపెనీ కేసులో మూడు విషయాలు చూడాలంది. ఆ మనిషి కంపెనీ అదుపులో లేకుండా పనిచేస్తున్నాడా, ఆ పని కంపెనీ రోజువారీ వ్యాపారానికి బయటిదా, అలాంటి పనిలో అతనికి సొంతంగా నిలబడ్డ వ్యాపారం ఉందా. ఇది మన దేశంలో చట్టం కాదు. కానీ మూడో ప్రశ్న మీకు మీరు వేసుకోవాల్సినదే. ఆ ఒక్క కంపెనీ రేపు వద్దంటే మీ వ్యాపారంలో ఏం మిగులుతుంది? ప్రస్తుతానికి మిగిలేవి ఏడు బండ్లు, ఏడు కిస్తీలు.

ఇప్పుడు కుర్రాళ్ల సంగతి. మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించిన మాట ఒకటుంది: "బైకు కుర్రాళ్లు పార్సిల్ లెక్క మీద చేస్తారు కాబట్టి వాళ్లు నా స్టాఫ్ కిందికి రారు". కంపెనీ మీ గురించి సరిగ్గా ఇదే అంటోంది కదండీ. మన ఉమ్మడి రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకి వెళ్లిన పాత కేసు ఒకటుంది, 1973లో తీర్పు వచ్చింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అనే కుట్టుపని దుకాణం. దర్జీలకి కుట్టిన బట్టకి ఇంత అని కూలీ. రోజంతా ఉండాలని లేదు, వేరే చోట కుట్టినా అడిగేవారు లేరు. అయినా వాళ్లు ఆ దుకాణం ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. మిషన్లు దుకాణానివి, కుట్టు బాగోలేదంటే తిప్పికొట్టి మళ్లీ కుట్టించుకునే హక్కు యజమానికి ఉంది. ముక్కకింత అని డబ్బులిస్తే ఉద్యోగి కాకుండా పోడు. 1978లో కాలికట్ తాళ్ల ఫ్యాక్టరీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇంకా ముందుకెళ్లి, మధ్యలో కాంట్రాక్టర్లు ఉన్నా ఆ తెర తొలగించి, కార్మికుడి బతుకు ఎవరి చేతిలో ఉందో చూడాలన్నారు. ఆ తర్వాతి తీర్పులు కొంత బిగుసుకున్నాయి, నిజమే. కానీ మీ దగ్గర ఏళ్లుగా రోజూ పనిచేసే కుర్రాడు మీ మనిషి కాదని ఏ అధికారి ముందూ గట్టిగా నిలబడి చెప్పలేరు.

అలా లెక్కేస్తే మీ దగ్గర పదహారు మంది. ఈఎస్‌ఐ పది మంది దగ్గరే మొదలవుతుంది. నెల జీతం 21,000 లోపు ఉన్న ప్రతివాడికీ మీరు 3.25 శాతం, అతను 0.75 శాతం కట్టాలి. 15,000 జీతానికి మీ వాటా ఐదు వందలు కూడా కాదు. ఇది ఇప్పటిదాకా కట్టకపోయి ఉంటే ఈ నెలలోనే మొదలుపెట్టండి, పాత బాకీ సంగతి మీ ఆడిటర్‌తో మాట్లాడండి. రేపు బెంజ్ సర్కిల్ దగ్గర కుర్రాడికి యాక్సిడెంట్ అయితే గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం, పనికి రాలేని రోజులకి కొంత భృతి, పోతే కుటుంబానికి పింఛను దాన్నుంచే వస్తాయి. అది లేకపోతే పరిహారం మీ మెడకి చుట్టుకుంటుంది. అసలు కంపెనీని కూడా అడగొచ్చు, కానీ అలా కట్టిన సొమ్మును కాంట్రాక్టరు నుంచి రాబట్టుకునే హక్కు కంపెనీకి ఉంది. మీ అగ్రిమెంటులో ఆ క్లాజు చాలా స్పష్టంగా రాసుకున్నారు కూడా. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి, పనిలో ఉన్న ప్రతివాడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఒక్క పేజీ చాలు.

దసరా బండ్ల విషయానికి వస్తున్నాను. నాలుగు బండ్లు అంటే నాలుగు కిస్తీలు అని మాత్రమే మీరు చూస్తున్నారు. పదహారు మందికి నలుగురు డ్రైవర్లు కలిస్తే ఇరవై. ఇరవై మందితో పీఎఫ్ వర్తిస్తుంది. 15,000 జీతం మీద యజమాని వాటా 12 శాతం, అంటే 1,800 రూపాయలు. మీకు బండి మీద మిగిలేదే 1,100. ఏడు బండ్లకి నాలుగు కలిస్తే పదకొండు. ఆదాయపు పన్నులో చిన్న రవాణాదారుకి ఇచ్చే వెసులుబాట్లు పది సరకు వాహనాలు మించనివాళ్లకే. బండికి నెలకి 7,500 లెక్కన ఆదాయం చూపించి పుస్తకాలు రాసే పని తప్పించుకోవడం, పాన్ ఇచ్చి డిక్లరేషన్ రాసిస్తే బిల్లులో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోత లేకపోవడం, రెండూ పదకొండో బండితో పోతాయి. మీరు ఇప్పుడు ఏది వాడుకుంటున్నారో మీ ఆడిటర్‌ని అడగండి. పీఎఫ్ కట్టకూడదని నేను అనడం లేదు. కుర్రాళ్లకి అది రావాల్సిందే. 15 రూపాయల రేటులో దానికి చోటు లేదని, ఆ రేటు వేసినవాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోలేదని అంటున్నాను. "బండ్లు పెంచండి" అన్న మెయిల్‌కి జవాబుగా ఈ లెక్క రాసి పంపండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది 30 రోజుల నోటీసు. ఫైనాన్స్ వాడికి మీరు 48 నెలలకి మాటిస్తున్నారు, కంపెనీ మీకు ఒక్క నెలకే మాటిస్తోంది. మధ్యలో ఉన్న 47 నెలలకి పూచీ మీ నాన్నగారి ఇల్లు. మీ బావమరిది ధైర్యం చెబుతున్నాడు సరే, ఈ 47 నెలల్లో ఎన్నింటికి తాను హామీ సంతకం పెడతాడో ఒకసారి అడిగి చూడండి. ఆయన మీద కోపంతో అనడం లేదు. ఓనర్ అనే మాట బాగుంటుంది, దాని ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడాలి కదా.

అయితే ఏం చేయాలి? దసరా, దీపావళి సీజన్‌కి లోడు నిజంగానే పెరుగుతుంది, అది వదులుకోమనను. ఆ రెండు నెలలకి నాలుగు బండ్లు డ్రైవర్లతో సహా అద్దెకి తీసుకోండి. ఆటోనగర్‌లో ఆరా తీస్తే దొరుకుతాయి. అద్దె ఎక్కువే అవుతుంది, మిగులు తగ్గుతుంది, అయినా పండగ వెళ్లాక మెడకి ఏమీ వేలాడదు. కొనే మాటే అయితే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. నోటీసు కనీసం 90 రోజులు ఉండాలి. కొత్త బండ్లకి నెలకి ఇన్ని పార్సిళ్లకి తగ్గకుండా మినిమం గ్యారంటీ (ఎంజీ) ఇవ్వాలి. రుజువు చూపించకుండా బిల్లులో కోయకూడదు. ఇంధనం ధర పెరిగితే రేటు ఎలా మారుతుందో రాయాలి. అన్నిటికీ ఒప్పుకోరు. మొదటి రెండూ ఒప్పుకోకపోతే వాళ్లకే ఆ లోడు మీద నమ్మకం లేదని అర్థం. వాళ్లకి లేని నమ్మకానికి మీరెందుకు ఇల్లు తాకట్టు పెట్టాలి?

"వేరే కంపెనీ పని చేయకూడదు" అన్న క్లాజు మీద మాత్రం గట్టిగా నిలబడండి. కాంట్రాక్టు ముగిశాక కూడా ఆ వ్యాపారం చేయకూడదని రాసుంటే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కాంట్రాక్టు నడుస్తుండగా చేయకూడదంటే మాత్రం కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి, అందుకే సంతకానికి ముందే దాన్ని మార్పించుకోవాలి. "ఈ కంపెనీ పనికి కేటాయించిన బండ్లు ఆ పని వేళల్లో వేరే పనికి వాడకూడదు" అని రాయమనండి, అది న్యాయమే. మీ సంస్థ మొత్తాన్ని కట్టేయడం న్యాయం కాదు. స్వతంత్ర వ్యాపారి అని ఒక పేజీలో రాసి, ఇంకెవరి పనీ చేయకూడదని ఇంకో పేజీలో రాయడం ఏం పద్ధతి?

ఆ క్లాజు సడలితే ఏడింటిలో రెండు బండ్లని ముందు బయటికి తీయండి. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్ నుంచి ఊళ్లోని కిరాణా దుకాణాలకి రోజూ సరుకు వెళ్తుంది. మందుల డిస్ట్రిబ్యూటర్లు ఉన్నారు, బందరు రోడ్డు షోరూముల వాళ్లకి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఇళ్లకి చేర్చేవాళ్లు కావాలి. రేటు మాట్లాడి తెచ్చుకోవాలి, డబ్బులు వసూలు చేసుకోవాలి, కొన్ని బాకీలు మునుగుతాయి కూడా. అవన్నీ ఉంటాయి. కానీ అక్కడ బిల్లు మీరు రాస్తారు, నచ్చని లోడు వద్దనగలరు. గొల్లపూడిలో ఒక్క లారీ ఉన్న మనిషి నాలుగు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు తిరిగి కిరాయి బేరమాడతాడు. ఏడు బండ్లున్న మీకంటే ఆయనకి స్వతంత్రం ఎక్కువ. ఏడాదిలో మీ రాబడిలో మూడో వంతు బయటి నుంచి వచ్చేలా చూసుకుంటే, తర్వాతి రేటు మెయిల్ వచ్చినప్పుడు మీరు మాట్లాడే తీరే మారుతుంది.

చివరిగా, చట్టం మిమ్మల్ని వ్యాపారి అంటోంది కాబట్టి వ్యాపారికి ఇచ్చిన హక్కులు వాడుకోండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందా? మీరు రాయలేదు. లేకపోతే ఈ వారమే చేయించండి, ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్, మీ జీఎస్టీ నంబరు చాలు. కొత్త అగ్రిమెంటు మీద సంతకానికి ముందే అది చేతిలో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి ముందు చేసిన పని దగ్గర తగాదా వస్తుంది. ఆ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీదా వేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, అగ్రిమెంటులో 60 రోజులని రాసుకున్నా సరే, 45 రోజుల్లో మీకు డబ్బు రావాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆ గడువు దాటిన బాకీని డబ్బు కట్టేదాకా కంపెనీ తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేదు. అందుకే మీరు ఫోన్లు చేయకుండానే వాళ్ల అకౌంట్స్ వాళ్లు ఉద్యం నంబరున్న బిల్లుని ముందుకి జరుపుతారు.

మీ అగ్రిమెంటులో ఏ తగాదా అయినా బెంగళూరులో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉంది. ఎనికేపాడు నుంచి బెంగళూరు వెళ్లి లాయర్‌ని పెట్టుకుని రెండు లక్షల బాకీ కోసం ఎవరు కొట్లాడతారు? కానీ బిల్లు బాకీ అయితే ఎంఎస్ఎంఈ చట్టం కింద ఇలాంటి బాకీలు తేల్చడానికి మన రాష్ట్రంలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్లోనే ఫిర్యాదు వేయొచ్చు, కొన్న కంపెనీ దేశంలో ఎక్కడున్నా సరే. ప్రైవేటు ఆర్బిట్రేషన్ క్లాజు కంటే ఈ చట్టమే పైదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఫిర్యాదు వేస్తే ఆ కంపెనీతో బంధం తెగే అవకాశం ఉందన్నది కూడా నిజమే. కాబట్టి చిన్న కోతలకి ఇది తీయకండి. కానీ ఆ షార్టేజ్ 3,799 మీద మాత్రం ఇప్పుడే మెయిల్ పెట్టండి, రుజువు అడగండి. జవాబు రాకపోయినా ఆ మెయిల్ మీ దగ్గర ఉంటుంది. ఇకమీదట ఏ కోతకీ నోటిమాటతో ఊరుకోకండి.

కంపెనీకి ఈ నాలుగు మాటలూ రాసి పంపి, వాళ్లు ఏమన్నారో నాకు రాయండి. కొత్త అగ్రిమెంటు కాపీ, పేర్లన్నీ కొట్టేసి, జత చేయండి. నోటీసు, ఎంజీ, పరిహారం క్లాజులు లైను లైనుగా చూసి చెబుతాను.